రామగుండం బొగ్గు ప్రాంతంలో రోటరీ స్లాషర్ బ్లేడ్ల నిర్వహణ: అరుగుదల, పదును, వెల్డింగు ప్రమాదం

పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని, సెంటినరీ కాలనీ, కమాన్‌పూర్ పరిసరాల్లో ట్రాక్టరుకు తగిలించి నడిపే రోటరీ స్లాషర్ రెండు భిన్నమైన నేలలపై పనిచేయవలసి వస్తుంది. మొదటిది రైతు పొలం. పత్తి ఏరడం ముగిశాక నిలిచిన కట్టెను ముక్కలు చేసి నేలలో కలపడం గులాబీ రంగు పురుగు జీవనచక్రాన్ని తెంచడానికి సిఫారసు చేసే పనుల్లో ఒకటి. బీళ్లలో, గట్ల వెంట పెరిగిన కంపను కొట్టడం మరొకటి. రెండవది గని మిగిల్చిన నేల. బొగ్గు పొరను చేరడానికి తొలగించిన పైమట్టిని, రాతిని గని వాడుకలో ఓవర్‌బర్డెన్ అని, క్లుప్తంగా ‘ఓబీ’ అని అంటారు. సింగరేణి కాలరీస్ ఓపెన్‌కాస్టు గనుల పక్కన గుట్టలుగా పోసిన ఈ ఓబీపై సంస్థ మొక్కలు నాటించి పచ్చదనాన్ని పెంచుతోంది. నాటిన మొక్కల వరుసల మధ్య, చదును చేసిన మెట్లపై, దారుల అంచుల్లో సర్కారు తుమ్మ, లాంటానా, వయ్యారిభామ, బోద గడ్డి త్వరగా ఆక్రమిస్తాయి. వాటిని అదుపులో ఉంచడానికి స్లాషర్ అనువైన పరికరమే.

అయితే పొలంలో చాలాకాలం నిలిచే బ్లేడు ఓబీ గుట్టపై అన్ని గంటలు నిలవదు. అరిగిన బ్లేడు అంచుపై వెల్డింగు పోయించి తిరిగి బిగించాలన్న ఆలోచన ఈ ప్రాంతంలో సహజంగానే కలుగుతుంది. గని యంత్రాలకు మరమ్మతులు చేసిన అనుభవం గల పనివారు ఇక్కడ అందుబాటులో ఉన్నారు. పార యంత్రం బకెట్ పళ్లకు మేలు చేసే ఆ విద్యే స్లాషర్ బ్లేడుకు ఎందుకు ప్రాణాంతకమవుతుందో విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు కారణసహితంగా తెలిసి ఉండాలి. వద్దని మాత్రమే చెబితే వినే రైతు లేడు.

వేగం

స్లాషర్‌లో బ్లేడు గడ్డిని కోస్తుందనడం కంటే కొడుతుందనడం సరైనది. కత్తెరలో ఒక అంచు ఆనుకుంటే రెండవ అంచు కోస్తుంది. స్లాషర్‌లో ఆనుకునే అంచు లేదు. కాండం తన జడత్వం వల్ల, వేరు పట్టు వల్ల నిలిచినంతసేపట్లోనే దెబ్బ పడాలి. అందుకే వేగం కావాలి. ట్రాక్టరు పి.టి.ఒ. నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. స్లాషర్ గేర్ బాక్సు ఆ వేగాన్ని పెంచుతుంది. కోత వెడల్పు 1.5 మీటర్లు, రోటరు వేగం నిమిషానికి 800 చుట్లు అనుకుంటే బ్లేడు కొన సెకనుకు దాదాపు 63 మీటర్ల వేగంతో కదులుతుంది. అంటే గంటకు 225 కిలోమీటర్లు. రోటవేటరు బ్లేడు కొన వేగం సెకనుకు 5–6 మీటర్లు మాత్రమే. గతిశక్తి వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కనుక, ఒకే బరువు గల ముక్క విరిగిపడితే స్లాషర్ ముక్కలో రోటవేటరు ముక్క కంటే 100 రెట్లకు పైగా శక్తి ఉంటుంది. పైగా రోటవేటరు ముక్క మట్టిలో ఆగుతుంది. స్లాషర్ ముక్క నేలకు పైన, గాలిలో ఎగురుతుంది.

5 కిలోల బ్లేడు గరిమనాభి రోటరు కేంద్రానికి 55 సెంటీమీటర్ల దూరాన ఉందనుకుంటే, పై వేగం వద్ద ఆ బ్లేడు తన బోల్టును బయటకు లాగే బలం సుమారు 2 టన్నుల బరువుకు సమానం. ఒక్కొక్క బోల్టు ఈ బలాన్ని పని జరిగినంతసేపూ మోస్తూ ఉంటుంది. బ్లేడులోని ప్రతి అడ్డుకోతా తన వాటా లాగుడును భరిస్తూనే ఉంటుంది. పగులు ఎంత చిన్నదైనా ఈ లాగుడు కింద, రాయి తగిలిన ప్రతి దెబ్బకూ కొద్దికొద్దిగా తెరుచుకుంటుంది.

నేల స్వభావం, ఉక్కు స్వభావం

ప్రాణహిత–గోదావరి లోయలోని బొగ్గు గోండ్వానా కాలపు బరాకర్ శిలల్లో ఉంది. దానిపైన, దాని పొరల మధ్యన ఉన్నది ప్రధానంగా ఇసుకరాయి. ఓబీ గుట్ట అంటే ఈ ఇసుకరాయి పేలుళ్లతో పగిలి, డంపర్లలో కదిలి, కుప్పపడిన రూపం. ఎండకు వానకు అది ఇసుకగా రాలుతుంది. రాలని ముక్కలు పిడికిలంత నుండి తలకాయంత పరిమాణంలో గడ్డి మధ్య దాగి ఉంటాయి. ఇసుకరాయిలో అధికభాగం క్వార్ట్జ్. విక్కర్స్ కొలమానంలో క్వార్ట్జ్ కాఠిన్యం 1000కి పైన ఉంటుంది. రాక్‌వెల్ సి కొలమానంలో 45 కాఠిన్యం గల ఉక్కు విక్కర్స్‌లో సుమారు 450. అంటే బ్లేడు కంటే ఇసుక రేణువు రెట్టింపునకు మించి గట్టిది. బ్లేడు గడ్డిని కోస్తున్నంతసేపూ ఇసుక బ్లేడును కోస్తూ ఉంటుంది.

అలాగైతే బ్లేడునే ఇంకా గట్టిగా చేయవచ్చు కదా అన్న ప్రశ్న విద్యార్థులకు తప్పక వస్తుంది. మన దేశంలో రోటవేటరు బ్లేడ్లకు వర్తించే ఐ.ఎస్. 6690 ప్రమాణం అంచు వద్ద 56 రాక్‌వెల్ సి పరిసరాల కాఠిన్యాన్ని కోరుతుంది. విక్కర్స్‌లో అది దాదాపు 600. క్వార్ట్జ్ ముందు అదీ తక్కువే. రాపిడి వల్ల కలిగే అరుగుదల, లోహపు కాఠిన్యం ఇసుక కాఠిన్యానికి చేరువైనప్పుడే గణనీయంగా తగ్గుతుంది. ఉక్కు అంత దూరం వెళ్లలేదు. వెళ్లే ప్రయత్నంలో దెబ్బకు తట్టుకునే గుణాన్ని, అంటే దార్ఢ్యాన్ని, కోల్పోతుంది. కాఠిన్యం వేరు, దార్ఢ్యం వేరు. గాజు కఠినమైనదే కాని దృఢమైనది కాదు. స్లాషర్ బ్లేడు రాయికి తగిలి వంగవచ్చు, విరగరాదు. మోవర్ బ్లేడ్ల సాగుగుణాన్ని పరీక్షించడానికి అమెరికా వ్యవసాయ ఇంజనీర్ల సంఘం రూపొందించిన ఎస్483 ప్రమాణం వెనుక ఉన్న భావన కూడా ఇదే. కనుక ఓబీ గుట్టపై బ్లేడు త్వరగా అరగడాన్ని లోపంగా కాక పని ఖర్చుగా లెక్కించడమే వివేకం. ఈ ఒక్క విషయం అంగీకరిస్తే తరువాతి నిర్ణయాలన్నీ సులువవుతాయి.

అరుగుదల ఎక్కడ మొదలవుతుంది

రెండు బ్లేడ్ల స్లాషర్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతూ గంటకు 3 కిలోమీటర్ల వేగంతో సాగితే, ఒక బ్లేడు దెబ్బకు మరో బ్లేడు దెబ్బకు మధ్య ట్రాక్టరు ముందుకు జరిగేది సుమారు 31 మిల్లీమీటర్లే. గంటకు 5 కిలోమీటర్లైతే 52 మిల్లీమీటర్లు. కొత్త గడ్డిని తాకేది బ్లేడు కొన వద్ద ఆ మేరకు ఉన్న అంచు మాత్రమే. మిగిలిన పొడవంతా అప్పటికే తెగిన దానిపై తిరుగుతుంది. అందువల్ల బ్లేడు మూల ముందు గుండ్రబడుతుంది. లోపలి అంచు మాత్రం కొత్తగానే కనిపిస్తుంది. కొన వద్ద ఇంత అరిగినా బ్లేడు ‘ఇంకా బాగానే ఉంది’ అనిపించడానికి కారణం ఇదే.

అంతకంటే ప్రమాదకరమైన అరుగుదల కంటికి సులభంగా ఆనదు. అనేక నమూనాల్లో బ్లేడు వెనుక అంచు కొన వద్ద కొద్దిగా పైకి వంచి ఉంటుంది. ఫ్యాను రెక్కలా గాలిని పైకి లాగి, పడిపోయిన గడ్డిని నిలబెట్టడం దాని పని. ఆ గాలితోపాటు ఇసుకా లేస్తుంది. చదునైన భాగం పైకి తిరిగే మడత వద్ద ఇసుక నిరంతరం రాసుకొని గాడి కోస్తుంది. ఆ గాడి లోతుపడితే రెక్క ఊడిపోతుంది, లేదా పగులు అక్కడ పుట్టి ముందు అంచు వైపు పాకుతుంది. పొలంలో పనిచేసే బ్లేడులో ఈ గాడి ఆలస్యంగా కనిపిస్తుంది. ఓబీపై పనిచేసే బ్లేడులో ముందు వెతకవలసింది దీనినే.

కొలవడానికి ఖరీదైన సాధనం అక్కరలేదు. కొత్త బ్లేడు కొన్న రోజునే దానిని దళసరి అట్టపై పరిచి అంచు వెంట గీత గీసి, ఆకారాన్ని కత్తిరించి ఉంచుకోవాలి. అట్టను అరిగిన బ్లేడుపై ఆనిస్తే ఎక్కడ ఎంత పోయిందో చూడగానే తెలుస్తుంది. మడత వద్ద మందాన్ని వెర్నియర్ కాలిపర్‌తో చూడాలి. ఎంత అరిగితే మార్చాలన్నది తయారీదారు పుస్తకం నిర్ణయిస్తుంది. కాని గాడిలో వేలిగోరు ఆగుతోందంటే పుస్తకం తెరవనవసరం లేదు, బ్లేడు తీసివేయాలి.

సానపట్టడం, తూకం

కత్తి పదును స్లాషర్‌కు పనికిరాదు. పలుచని అంచు మొదటి రాయికే మడతపడుతుంది లేదా పెచ్చులూడుతుంది. తయారీదారు ఇచ్చిన వాలు కోణాన్ని అలాగే నిలిపి, అంచు చివర సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు మొద్దుగా మిగల్చాలి. వాలు ఏ ముఖాన ఉంటే ఆ ముఖాన్నే సానపట్టాలి, సాధారణంగా అది పైముఖం. అడుగు ముఖాన్ని తాకరాదు. గ్రైండరును అంచుకు అడ్డంగా అదిమి ఉంచక, పొడవునా తేలికగా జరుపుతూ, మధ్య మధ్య ఆపాలి. ఉక్కుపై నీలిరంగు తేలిందంటే అక్కడ వేడి సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరిందని అర్థం. తక్కువ వేడి వద్ద టెంపరింగ్ చేసిన బోరాన్ ఉక్కు ఆ మేరకు మెత్తబడుతుంది. వేడెక్కిన అంచును నీటిలో ముంచి చల్లార్చడం ఇంకా చెరుపు, సన్నని పగుళ్లు అక్కడే మొదలవుతాయి. దెబ్బల వల్ల పడిన లోతైన నొక్కులన్నీ పోయేదాకా అరగదీయాలనుకోవడం కూడా తగదు. ఒక నొక్కు కోసం బ్లేడంతా సన్నబడుతుంది.

సానపట్టిన తరువాత చేసే తూకాన్ని ఎక్కువమంది విస్మరిస్తారు. రెండు బ్లేడ్ల మధ్య 50 గ్రాముల తేడా కొన వైపు, అంటే కేంద్రానికి 70 సెంటీమీటర్ల దూరాన ఉంటే, పైన చెప్పిన వేగం వద్ద అది 25 కిలోల బరువుకు సమానమైన బలంగా మారి, సెకనుకు 13 సార్లు దిశ మారుస్తూ గేర్ బాక్సును కుదుపుతుంది. గేర్ బాక్సు అడుగు సీలు కారడం, బేరింగు వదులవడం, డెక్కు వెల్డింగులు విచ్చడం చాలావరకు ఇక్కడినుండే వస్తాయి. కిరాణా కొట్టులోని ఎలక్ట్రానిక్ కాటా ఈ పనికి చాలు. బరువైన బ్లేడును అరగదీసి తేలికైనదానికి సమం చేయాలి. తేడా 20 గ్రాముల లోపుకు తేవడం సాధ్యమే. సమం చేయడానికి కాజాలు చుట్టడం, ముక్క అతికించడం చేయరాదు. ఒక బ్లేడు విరిగితే రెండూ మార్చాలి. కొత్తదానికి పాతదాన్ని జతచేయడం పొదుపులా కనిపిస్తుంది కాని, గేర్ బాక్సు మరమ్మతులో అది తిరిగి ఖర్చవుతుంది.

వెల్డింగు ఎందుకు వద్దు

గని ప్రాంతపు పనివారి నైపుణ్యాన్ని తక్కువ చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. పార యంత్రాల బకెట్ పళ్లపై, డోజరు అంచులపై క్రోమియం కార్బైడు కలిగిన ఎలక్ట్రోడుతో గట్టి పూత పోయడం లోకమంతటా ఆమోదం పొందిన పద్ధతి. దానివల్ల పన్ను ఆయువు పెరుగుతుంది. ఆ పూత చల్లారేటప్పుడు అడ్డంగా సన్నని పగుళ్లు పడటం కూడా సహజమే. లోపలి ఒత్తిడి వాటి ద్వారా తీరుతుంది కనుక వాటిని లోపంగా పరిగణించరు. బకెట్ పన్ను నెమ్మదిగా కదులుతుంది, మందంగా ఉంటుంది, అతుకు ఊడినా పెళ్ల బొగ్గులో పడుతుంది.

స్లాషర్ బ్లేడులో ఆ పగుళ్లే విపత్తుకు బీజాలు. పూతలోని ప్రతి పగులు తన కొనను కింది ఉక్కుపై ఆనించి ఉంటుంది. బ్లేడును కేంద్రం నుండి బయటకు లాగే బలం సరిగ్గా ఆ అడ్డు పగుళ్లను తెరిచే దిశలోనే పనిచేస్తుంది. పూత కింద ఉన్న ఉక్కు స్థితి కూడా మారుతుంది. బోరాన్ ఉక్కులో వెల్డింగు వేడికి ఒక పట్టీ మెత్తబడుతుంది. దానిని ఆనుకొనే కరిగి వేగంగా చల్లారిన భాగం పెళుసవుతుంది. కమాన్ పట్టీ వంటి ఎక్కువ కార్బన్ గల ఉక్కులో పెళుసుదనం మరింత హెచ్చు. తేమ పట్టిన ఎలక్ట్రోడు వాడితే హైడ్రోజన్ ఉక్కులో చేరి, వెల్డింగు పూర్తయిన కొన్ని గంటలకో, మరునాటికో పగులు పుట్టించవచ్చు. దుకాణంలో చూసినప్పుడు లేని పగులు గుట్టపైకి చేరేసరికి ఉంటుంది. అతుకు బాగుందన్న వెల్డరు మాట అబద్ధం కాదు. ఆ క్షణానికి అది నిజమే.

కొన్ని కంపెనీలు కర్మాగారంలోనే అంచుపై కార్బైడు పూత వేసిన బ్లేడ్లను అమ్ముతాయి. అక్కడ వేడిని నియంత్రించి, తగిన ఉష్ణోపచారం చేసి, పరీక్షించి పంపుతారు. దానినీ ఆర్క్ వెల్డింగు పూతనూ ఒకే గాటన కట్టరాదు.

విరిగిన బ్లేడును అతికించడం, వంగినదాన్ని గ్యాసుతో కాల్చి సాపు చేయడం, బోల్టు రంధ్రం పెద్దదైతే వెల్డింగుతో పూడ్చి మళ్లీ తొలచడం, ఇవన్నీ ఇదే కోవలోనివి. పాత లారీ కమాన్ పట్టీతో కొలిమిలో బ్లేడు చేయించుకోవడం మరో అలవాటు. కొడవలికి, గొడ్డలికి ఆ ఉక్కు మేలైనదే. కాని లారీ కింద ఏళ్లపాటు వంగి లేచిన పట్టీలో అలసట పగుళ్లు దాగి ఉండవచ్చు. ఎర్రగా కాల్చి నీటిలో ముంచి, తరువాత టెంపరింగ్ చేయకుండా వదిలితే అది గట్టిగా, పెళుసుగా మిగులుతుంది. గొడ్డలి విరిగితే చేతిలో విరుగుతుంది. స్లాషర్ బ్లేడు విరిగితే ఎవరి దిశగా వెళ్తుందో ఎవరూ చెప్పలేరు.

సెకనుకు 60 మీటర్ల వేగంతో బయటపడిన కిలో ముక్కలో 1800 జౌళ్ల శక్తి ఉంటుంది. కొత్త మొక్కలకు నీరు పోసే కూలీలు, మేకల కాపరులు, గుట్ట వెంట నడిచే బాటసారులు దాని దారిలో ఉండగలరు. స్లాషర్ తయారీదారుల సూచన పుస్తకాలు పని జరిగే చోటునుండి మనుషులు 90–100 మీటర్ల దూరంలో ఉండాలని చెప్పడం ఊరికే కాదు. డెక్కు ముందు వెనుకల వేలాడే గొలుసు తెరలు రాళ్లను చాలావరకు ఆపుతాయి, విరిగిన బ్లేడును ఆపుతాయన్న హామీ లేదు. ఆ గొలుసులను అడ్డుగా ఉన్నాయని విప్పేసిన యంత్రంతో గుట్ట ఎక్కనివ్వరాదు.

పగులు పరీక్ష, బోల్టులు

బ్లేడును వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, కిరోసిన్ పూసి పావుగంట ఉంచాలి. గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దపొడి లేదా పలుచని సున్నం పూసి ఆరనివ్వాలి. పగులు ఉంటే అందులో చేరిన కిరోసిన్ బయటకు ఊరి తెల్లని పూతపై సన్నని తడి గీతగా తేలుతుంది. బోల్టు రంధ్రం చుట్టూ, రెక్క మడత వద్ద, లోతైన నొక్కుల అడుగున ప్రత్యేకంగా చూడాలి. బ్లేడును సుత్తితో తట్టి మోతను బట్టి నిర్ణయించే పద్ధతి పెద్ద పగుళ్లనే పట్టిస్తుంది, దానిపై ఆధారపడరాదు. కిరోసిన్ పరీక్ష విద్యార్థులకు ఒక్క పూటలో నేర్పవచ్చు. కస్టమ్ హైరింగ్ కేంద్రాల నిర్వాహకుల శిక్షణలో దీనికి తప్పక చోటుండాలి.

బ్లేడు తన బోల్టుపై స్వేచ్ఛగా ఊగాలి. మొద్దు తగిలినప్పుడు వెనక్కి మడిచి తప్పుకోవడం కోసమే ఆ ఏర్పాటు. ఓబీ గుట్టలపై ఇది ఊహించని విధంగా భంగపడుతుంది: పేలుళ్లలో వాడిన ప్లాస్టిక్ గొట్టాల ముక్కలు, కేబుల్ తీగలు, కన్వేయరు బెల్టు పీలికలు మట్టిలో కలిసి ఉంటాయి. ఇవి బోల్టు చుట్టూ చుట్టుకుంటే ఒక బ్లేడు మడిచిన స్థితిలో బిగుసుకుపోతుంది. రెండు బ్లేడ్లు సమాన తూకంలో ఉన్నా రోటరు అప్పుడు సమతూకం తప్పుతుంది. పని మధ్యలో హఠాత్తుగా కుదుపు మొదలైతే మొదట చూడవలసింది ఇదే. గని లీజు పరిధిలో పని మొదలుపెట్టే ముందు స్థలాన్ని గని అధికారులతో కలిసి నడిచి చూడటం అవసరం; ఆ పరిధికి గనుల భద్రతా చట్టాలు, నిబంధనలు వర్తిస్తాయి. పేలుడు సామగ్రి అవశేషంలా కనిపించే దేనినీ డ్రైవరు చేత్తో తీయరాదు.

బ్లేడు మార్చినప్పుడల్లా బోల్టు, లాక్ నట్టు కూడా కొత్తవి వేయాలి. పుస్తకంలో చెప్పిన టార్కుకు టార్క్ రెంచితో బిగించాలి. పైపు తొడిగి బలంకొద్దీ తిప్పడం కొలత కాదు. మొదటి కొన్ని గంటల పని తరువాత మరోసారి చూడాలి. షియర్ బోల్టు పదేపదే తెగుతోందని దాని చోట గట్టి బోల్టు వేయడం, ఫ్యూజు పోతోందని మందపాటి తీగ వేయడం వంటిదే.

ఈ పనులన్నీ బ్లేడు కిందికి తల వంచి చేసేవి. పి.టి.ఒ. విడదీసి, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, రోటరు పూర్తిగా నిలిచేవరకు ఆగాలి. హైడ్రాలిక్ లిఫ్టు ఒక్కదానిపై నమ్మకముంచకుండా డెక్కు కింద దృఢమైన దిమ్మలు పెట్టాలి.

ఎత్తు, కాలం

బ్లేడు ఆయువును పెంచే చౌకైన మార్గం కోత ఎత్తును పెంచడం. పొలంలో పత్తి కట్టెను నేలకు దగ్గరగా కొట్టవచ్చు. ఓబీపై 15 సెంటీమీటర్లకు తగ్గించరాదు. రాళ్లలో అధికభాగం, లేచే ఇసుకలో అధికభాగం ఆ ఎత్తుకు దిగువనే ఉంటాయి. ఎత్తుగా కోస్తే తుమ్మ మళ్లీ చిగురిస్తుందన్న అభ్యంతరం నిలవదు. సర్కారు తుమ్మ మొదలు నేలమట్టానికి కొట్టినా చిగురిస్తుంది; దానిని చంపడం స్లాషర్ పని కాదు. మొదలును తవ్వి తీయడం వేరే పని, వేరే ఖర్చు. యంత్రానికి నిర్దేశించిన మందాన్ని మించిన కాండాలను ముందుగా గొడ్డలితోనో రంపంతోనో తొలగించాలి.

గుట్టలపై కోతకు వానలు వెనుకబట్టి గడ్డి ఇంకా పచ్చిగా ఉన్న అక్టోబరు–డిసెంబరు నెలలు అనువైనవి. రామగుండం వేసవి ఎండ తీవ్రత తెలిసిందే. ఏప్రిల్, మే నెలల్లో ఎండుగడ్డి మధ్య బ్లేడు ఇసుకరాయిని తాకి రాల్చే నిప్పురవ్వ చాలు. ఓబీలో కలిసిన బొగ్గు పొడి, నల్లని షేలు వాటంతట అవే వేడెక్కే స్వభావం గలవి. అక్కడ అంటుకున్న మంట గడ్డితో ఆగకపోవచ్చు. వేసవిలో తప్పనిసరైతే ఉదయపు వేళ, నీటి ట్యాంకరు పక్కన ఉంచుకుని మాత్రమే పని చేయాలి. వాలు ముఖాలపై ఏ కాలంలోనూ ట్రాక్టరు నడపరాదు. వదులుగా పోసిన మట్టి చక్రం కింద జారుతుంది.

ఒకే స్లాషర్ పొలాలకూ గుట్టలకూ అద్దెకు వెళ్తున్నచోట రెండు జతల బ్లేడ్లు ఉంచి, ఓబీ జతపై రంగు గుర్తు పెట్టడం మంచిది. గంటల లెక్కనూ విడిగా రాయాలి: తేదీ, నేల రకం, పని గంటలు, సానపట్టిన తరువాత ఒక్కొక్క బ్లేడు బరువు, కిరోసిన్ పరీక్ష ఫలితం. ఒక సంవత్సరం ఇలా రాసిన రిజిస్టరు నుండి ఓబీపై బ్లేడు గంటకు ఎన్ని గ్రాములు కోల్పోతోందో, పొలంలో ఎంతో లెక్కగట్టవచ్చు. అద్దె రేటును ఆ రెండు అంకెల ఆధారంగా వేరువేరుగా నిర్ణయిస్తే, గుట్టపై అరిగిన బ్లేడు ఖర్చు పత్తి రైతు మీద పడదు. పనికిరాదని తీసివేసిన బ్లేడును తుక్కుకు వేసే ముందు బోల్టు రంధ్రం వద్ద రెండు ముక్కలుగా కోయించాలి; లేకుంటే అది తుక్కు దుకాణం నుండి మరో యంత్రానికి చేరుతుంది.